పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కని వ్యాను

నా పాత వ్యానులో మంచం ఉంది, గ్యాస్ పొయ్యి ఉంది, కిటికీలకు పూల కర్టెన్లున్నాయి. లేనిదల్లా పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కే ఓపిక. సగం ఎక్కేసరికి దగ్గు, ఆపైన పొగగొట్టంలోంచి ఢామ్మని పేలుడు. అమీర్‌పేటలో మా సందు నిండా కోచింగ్ పిల్లల హాస్టళ్ళు. నేను బండి తీస్తే చాలు, బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్ళ మధ్యనుంచి తలలు బయటికొచ్చేవి.

అందులోనే పడుకుంటూ ఊళ్ళు తిరగాలని నా పిచ్చి. మా ఆవిడ తేల్చి చెప్పేసింది. "ఏవండీ, ఆదివారం సాయంత్రం బోరబండ నుంచి ఒకాయన వస్తాడు. టిఫిన్ బండిగా మార్చుకుంటాడట. ఈలోగా ఇది ఫ్లైఓవర్ ఎక్కితే సరే సరి, లేదంటే ఇచ్చేద్దాం."

నా వ్యానులో మిర్చిబజ్జీలా! ఒళ్ళు మండిపోయింది. ఆ పూట అన్నం సయించలేదు.

ఆదివారం పొద్దున్నే మెకానిక్‌ని ఇంటికే పిలిచాను. చెవి ఒగ్గి విని, "టైమింగ్ పోయింది సార్. ఫికర్ చెయ్యకండి," అన్నాడు. ఇంజనులో నిప్పురవ్వ సరైన క్షణంలో పడాలట. ఆలస్యమైతే పోపు మాడాక ఆవాలు వేసినట్టే. బలం పోతుంది, పేలుళ్ళు మిగులుతాయి.

సీటెత్తితే కింద ఇంజను. దాని పుల్లీ మీద ఒక గుర్తు, పక్కనే కదలని ముల్లు. రవ్వ పడ్డప్పుడల్లా మెరిసే లైటు వేస్తే, గిర్రున తిరిగే గుర్తు కూడా నిలబడ్డట్టు కనిపిస్తుంది. అది ముల్లుకు ఎదురుగా వచ్చేదాకా ప్లగ్గులకు రవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌ని చేత్తో తిప్పాలి.

"గీ ఎర్రచుక్కనే గుర్తు సార్. ఎవడో మస్తు నీట్‌గ పెట్టిండు."

చుక్కని ముల్లుకు సూటిగా నిలబెట్టి బయల్దేరాం. ఫ్లైఓవర్ మొదట్లోనే చచ్చింది. తోసుకుంటూ వచ్చి ప్లగ్గులు మార్చాం, మళ్ళీ చుక్క చూసి పెట్టాం. ఈసారి సందు దాటలేదు. ఎంత కచ్చితంగా పెడితే అంత ఘోరంగా తయారైంది. నేను మెకానిక్ మీద అరిచాను, అతను ఇంజను మీద అరిచాడు. "నా జిందగీల గిసొంటి ఇంజన్ సూడలే!"

అప్పుడే టీ తెచ్చిన మా ఆవిడ వంగి చూసి మురిసిపోయింది. "అబ్బ, నా బొట్టు చెక్కు చెదరలేదే!"

"ఏం బొట్టు?"

"దసరాకి బండికి పూజ చేశాంగా. ఇంజనుకి కుంకుమ పెడితే రాలిపోతుందని గోళ్ళరంగుతో పెట్టాను."

మెకానిక్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "మేడమ్, జర ముందుగాల్ల చెప్పరాదా!"

జిడ్డు తుడిస్తే, అసలు గాటు బొట్టుకి బెత్తెడు దూరంలో బయటపడింది. దాంట్లో సుద్ద రాసి, ముల్లుకు కలిపి బిగించాడు. ఇంజను మెత్తగా పలికింది. పేలుడు వినపడలేదేమిటని హాస్టల్ తలలన్నీ మళ్ళీ బయటికొచ్చాయి.

ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కించాను. సగం దాటింది, పైకొచ్చింది, దగ్గలేదు! సంతోషం పట్టలేక హారన్ కొట్టి అరిచాను. కాస్త నెమ్మదించాక అడిగాను. "అవునూ, ఇచ్చేద్దామన్నదానివి దీనికి అంత శ్రద్ధగా బొట్టెందుకు పెట్టావు?"

ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తోంది. "కొండల్లో ఆ పొయ్యి మీద టీ పెట్టుకుని తాగాలని నాకు మాత్రం ఉండదా ఏంటి? ప్రతిసారీ సగంలో దిగి ఆటో ఎక్కుతుంటే ఏడుపొచ్చేది."

ఆవిడే ఫోను తీసి బోరబండ ఆయనకి చెప్పేసింది. "బాబూ, ఏమీ అనుకోకు. బండి ఇవ్వటం లేదు."

"ఎక్కడికెళ్దాం మరి?" అన్నాను.

"అరకు."

"అంత ఘాట్ రోడ్డు ఇది ఎక్కుతుందంటావా?"

"ఎక్కకపోతే దిగి తోద్దాం. ఈసారి నేను ఆటో ఎక్కనులెండి."