పెద్దదాని చుట్టూ చిన్నవి

డాక్టరు సీటు రానివాళ్లకు బయోటెక్నాలజీ ఉందని ఎవరో చెబితే, శేరిగూడ కాలేజీలో చేరినవాణ్ణి నేను. ఇబ్రహీంపట్నంలో చుట్టాలకు మాత్రం "మందులు కనిపెట్టే చదువు" అని కోతలు కోశాను. తీరా చివరి ఏడాది ప్రాజెక్టు గట్టెక్కకపోతే డిగ్రీయే లేదన్నారు.

పని వినడానికి తేలికే. మనకు కావలసిన జన్యువును బ్యాక్టీరియాలోకి ఎక్కించాలి. లక్షల్లో ఏ కొన్నింటికో అది ఎక్కుతుంది. వాటిని గుర్తుపట్టడానికి, ఆంపిసిలిన్ మందును తట్టుకునే జన్యువును కూడా జతచేసి పంపుతారు. తర్వాత ఆంపిసిలిన్ కలిపిన ప్లేటు మీద పరిస్తే ఎక్కనివి చస్తాయి, ఎక్కినవి చుక్కలుగా పెరుగుతాయి. టికెట్ లేనివాళ్లను బస్సులోంచి దింపేసే చెకింగ్ లాంటిదన్నమాట.

అలా పరిచిన మర్నాడు పొద్దున, చుక్కలు మరీ పెరగకముందే ప్లేటును వెచ్చటి ఇంక్యుబేటర్ లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టడం నా వంతు. ఆ రోజే పెద్ద అంబర్‌పేట్‌లో మా బావ పెళ్లి దావత్. మటన్ ముందు బ్యాక్టీరియా ఏపాటి? తీరిగ్గా రెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే, మధ్యలో ఒక పెద్ద చుక్క, దాని చుట్టూ బోలెడు చిన్నవి. అంతా నా చేతి చలవే అనుకున్నాను.

ప్రాజెక్టులో నాకు జతపడిన అమ్మాయి చూసి, "మస్తు లేటు చేసినవ్‌రా. గా పెద్దదాన్ని తీస్కో, చాలు" అంది. నేను వింటానా? ఒకటి కంటే పది మేలని చిన్నవే ఏరి, ఆంపిసిలిన్ ఉన్న కొత్త ద్రావణంలో వేశాను. తెల్లారేసరికి ట్యూబులన్నీ మంచినీళ్లలా తేటగా ఉన్నాయి. ఒక్కటీ బతకలేదు. ఇక డిగ్రీ పోయినట్టేననుకున్నాను.

"జర ఆగు, ఫికర్ జెయ్యకు" అంటూ ఆమె ఇంకో ట్యూబు ఊపింది. అది గంజిలా తెల్లగా ఉంది. ముందురోజు నేను ఇంటికి వెళ్లాక పెద్దదాన్ని తనే తీసి పెంచింది. నావి ఎందుకు చచ్చాయో కూడా అప్పుడే చెప్పింది.

వైవాకు బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు ఆ పాత ప్లేటు ఎత్తి పట్టుకున్నారు.

"పెద్దదాని చుట్టూ గీ చిన్నవేంది?"

ఆమె నావైపు చూసింది. "గది ఇతను చెప్తడు సార్."

"వాటికి మందును తట్టుకునే శక్తి లేదు సార్. పెద్దది తన చుట్టూ ఉన్న మందును విరగ్గొడ్తది. ఆలస్యమైతే గా జాగల ఇవి లేస్తయ్. విడిగ తీసి మందుల ఏస్తే చస్తయ్."

"పుస్తకంల చదివినవా?"

"లేదు సార్. ఏసి చూసిన."

నాలుగేళ్లలో తడుముకోకుండా నేను చెప్పిన జవాబు అదొక్కటే. సారు మెచ్చుకుని ఇద్దరికీ సమానంగా మార్కులు వేశారు. ట్యూబు పెంచింది, జవాబు నేర్పింది ఆమె. నాకు సిగ్గేసింది. అయినా తీసుకున్నాను.