అడగకుండా పెట్టిన సంతకం

మా అమ్మాయిని స్కూలుకి రావద్దన్న రోజు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పుడది తొమ్మిదో తరగతి. క్లాసులో ఒక పిల్లాణ్ణి టిఫిన్ డబ్బాతో కొట్టిందట. ప్రిన్సిపాల్ గారు ఒక కాగితం నా ముందుకు తోశారు. తప్పంతా మా పిల్లదేననీ, వాళ్ళు పిలిచేదాకా ఇంట్లోనే ఉంచుతాననీ అందులో ఉంది. ఎదురు చెబితే పేరే కొట్టేస్తారేమో, వచ్చే ఏడు బోర్డు పరీక్ష ఏమైపోతుందోనని భయం. సంతకం పెట్టి, దండం కూడా పెట్టి వచ్చాను.

ఇంట్లో అది ఏదో చెప్పబోతే "నోరు ముయ్యి, పరువు తీసినావు" అన్నాను.

నాలుగు రోజులు కాలు నిలవలేదు. ఫోన్ మోగితే స్కూలేనేమోనని పరుగు. అన్నం రెండుసార్లు మాడింది. అది పొద్దున్నే యూనిఫారం వేసుకుని కూర్చునేది, పదింటికి విప్పేసేది. అది చూడలేక ఇందా పేట బజారుకి పోయి, ఏం కొనాలో మరచిపోయి ఉత్త సంచితో నిమ్‌పురాలో మా రైల్వే క్వార్టర్‌కి తిరిగొచ్చేదాన్ని. పక్కింటి బెంగాలీ దీదీ "పిల్లకి జ్వరమా?" అంటే అవునన్నాను, సిగ్గులేకుండా.

ఐదో రోజు ఆఫీసుకి వెళ్ళాను. రైల్వే వర్క్‌షాప్‌లో సస్పెన్షన్ ఫైళ్ళు చూడడమే ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం. ఛార్జిషీటు అందుకున్న ఫిట్టరొకాయన వచ్చాడు.

"తప్పయిపోనాదని రాసిచ్చేత్తానమ్మా. వదిలేత్తారేటి?"

"అలా రాసియ్యకండి బాబూ. కారణమేటో, ఎన్నాళ్ళో కాగితం మీద అడగండి. మీ మాట వినకుండా శిక్ష వెయ్యకూడదు."

అనేశాక నా మొహం నాకే చెల్లలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు. సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చాను.

"ఆ రోజు ఏటి జరిగిందే?"

"ఇప్పుడడుగుతున్నావా?" అంది. అయినా చెప్పింది. ఆ పిల్లాడు రోజూ దాని డబ్బాలో ఉమ్మేవాడట. "మిస్సుకి రెండుసార్లు చెప్పినాను. మూడోసారి కొట్టినాను. కొట్టడం తప్పే."

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే స్కూలుకి ఉత్తరం మొదలుపెట్టాను. కారణం రాసివ్వండి, ఎన్నాళ్ళో చెప్పండి, పిల్ల చెప్పేది వినండి అని. అది నా భుజం మీంచి చదివింది.

"ఇంకోటి రాయమ్మా. సంతకం పెట్టేముందు నన్ను నువ్వు కూడా అడగలేదని."

ఆ కాగితం చింపేసి, ఆ మాటతోనే మళ్ళీ మొదలుపెట్టాను.