డ్రైవరు గారు చూడని శరత్తు

సతోయెకి డ్రైవింగు లైసెన్సు వచ్చింది అరవై నాలుగో ఏట. రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఏడాదిపాటు కారుకి అంటించుకోవలసిన చిగురుటాకు గుర్తు చూసి కొరియామా ఊళ్ళో వాళ్ళ వీధి వీధంతా నవ్వింది. ముసలి డ్రైవర్ల ఎండుటాకు గుర్తు అంటించుకునే వయసులో చిగురుటాకేమిటమ్మా అంది ఎదురింటి కూరగాయల కొట్టావిడ. సతోయె పైకి నవ్వింది గానీ లోపల ఒళ్ళు మండింది. సరదాకి నేర్చుకున్న విద్య కాదు అది.

ఆమె భర్త తమోత్సు ముప్పై నాలుగేళ్ళు టూరిస్టు బస్సు నడిపాడు. ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు గైడు, అందులో ఇరవై రెండేళ్ళు ఆయన బస్సులోనే. ఆకులు రంగు మారే అక్టోబరు వస్తే చాలు, బందాయ్ కొండ నుంచి నిక్కో దాకా ఆ అడవులూ సరస్సులూ ఎన్నిసార్లు చుట్టబెట్టారో లెక్కలేదు. జనం కిటికీలకి ముక్కులు ఆనించి చూసేవాళ్ళు. సతోయె మాత్రం రోడ్డుకి వీపు పెట్టి, జనం మొహాలు చూస్తూ, కంఠతా పట్టిన పాఠం ఒప్పజెప్పేది. తమోత్సు ముందు బండి వెనక దీపాలు చూస్తూ నడిపేవాడు. నలభై అయిదు ప్రాణాలు వెనక పెట్టుకున్నవాడికి ఆకుల రంగులతో పనేమిటి?

రెండేళ్ళ కిందట ఆయనకి కంటి జబ్బు బయటపడింది. చూపు అంచుల నుంచి ముడుచుకుపోతోందని, పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. తమోత్సు మారుమాట లేకుండా వెళ్ళి లైసెన్సు పోలీసులకి అప్పగించి వచ్చాడు. భోజనం దగ్గర ఒక్క మాటే అన్నాడు, చేతిలో స్టీరింగు లేకుండా ఒక్కసారి ఆ కొండలు చూడాలని ఉందని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోరు తెరిచి అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే మర్నాడే ఆమె డ్రైవింగు బడిలో పేరు రాయించుకుంది. చూపు ఎలా ఉందని అడిగినప్పుడల్లా, బండి నడపడానికే పనికిరాదు గానీ మిగతాదంతా శుభ్రంగా కనిపిస్తోంది అనేవాడాయన.

ఇల్లలకగానే పండగ కాదని, ఈ అక్టోబరులో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరిన మొదటి రోజే తెలిసివచ్చింది. జనానికి ఎదురుగా నిలబడి వాళ్ళ కుడివైపుని తన ఎడమ చేత్తో చూపిస్తూ బతికిన మనిషి ఆమె. ఇప్పుడు ముందుకి తిరిగి కూర్చున్నా, కుడి అనుకుంటే చేతులు ఎడమకి తిప్పేస్తున్నాయి. ఇనవాషిరో సరస్సు ఇంత పెద్దది పక్కనే పెట్టుకుని రెండుసార్లు దారి తప్పింది.

"గైడు గారూ, మీరు మమ్మల్ని ఎవరి పొలంలోకో తోలుకుపోతున్నారు," అన్నాడు తమోత్సు.

"డ్రైవరు గారు కాసేపు నోరు మూసుకుంటే సరస్సు దానంతటదే వస్తుంది."

ఒకప్పుడు బస్సులో మర్యాదకి పిలుచుకున్న పిలుపులు ఇప్పుడు ఎకసెక్కానికి మిగిలాయి.

సరస్సు వచ్చింది. దాని తరువాత బందాయ్ వెనక రంగు కొలనులు వచ్చాయి, హిబారా సరస్సు వచ్చింది. కొండలు నిప్పంటుకున్నట్టున్నాయి. తమోత్సు చూపు మాత్రం రోడ్డు మీదే. మలుపు వస్తే చాలు, ఆయన కుడి పాదం అక్కడ లేని బ్రేకుని నేలకేసి నొక్కుతోంది. అదిగో మేపుల్ చూడండి అని ఆమె అంటే, ఆయన మెడ తిప్పేసరికి ఆ చెట్టు ఎక్కడో వెనక ఉండేది. "ఆ, బాగుంది," అనేవాడు. దేనికైనా అదే మాట. ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న సంగతి ఆమెకి కొత్త కాదు, కానీ తనంతట తాను అడిగిన కొండల్ని కూడా చూడనంటే ఏమనుకోవాలి? తన నడపడం మీద నమ్మకం లేదన్నమాట. ఆ సాయంత్రం హినోఎమాతా సత్రంలో బక్వీట్ నూడుల్సు తినేటప్పుడు ఆమె తన గిన్నె ఆయనకి దూరంగా జరుపుకుంది.

రెండో రోజు నిక్కో కొండ దారి. మలుపు మలుపుకీ ఒక అక్షరం పలక ఉండే ఆ దారిలో ఇరవై మలుపులు ఎక్కింది. వెనక కార్లవాళ్ళు చిగురుటాకు చూసి దూరం జరిగారు. చుజెంజి సరస్సు దగ్గర ఆగుదామంటే కార్లు బారులు తీరి ఉన్నాయి. పసుపెక్కిన లార్చి చెట్ల మధ్యనుంచి ఇంకా పైకి, గంధకం వాసన కొట్టే యునోకో సరస్సు దాకా పోనిచ్చింది.

అక్కడ ఒక్క చోటే ఖాళీ ఉంది, అదీ టూరిస్టు బస్సు పక్కన ఇరుకులో. వెనక్కి పెట్టాలి.

"ఉండు, నేను దిగుతా," అన్నాడు తమోత్సు.

బస్సు వెనక్కి పెట్టాలంటే గైడు దిగి ఈల వెయ్యాలి. సతోయె ఈల వినపడుతున్నంతసేపూ తమోత్సు అద్దం వంక కూడా చూసేవాడు కాదు. ఇరవై రెండేళ్ళలో ఆమె ఈల ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ ఆయన వెనక నిలబడి చెయ్యి ఊపుతూ "రానీ... రానీ..." అంటుంటే ఆమెకి నిన్నటి కోపం కాస్త కరిగింది. ఆమె కూడా అద్దం చూడలేదు. ఆయన మాట మీదే వెనక్కి పోనిచ్చింది.

ఫెళ్ళుమంది. వెనక దీపం పగిలి గాజు ముక్కలు రాలాయి.

సతోయె దిగి విసవిసా వెళ్ళింది. "రానీ అన్నారు కదండీ."

"ఏమైంది? దేనికి తగిలింది?"

ఆయన ఎడమ మోచేతికి జానెడు దూరంలో ఉంది స్తంభం. నడుమెత్తున, ఎరుపూ తెలుపూ పట్టీలతో, గుడ్డివాడికి తప్ప అందరికీ కనపడేటట్టు. ఆ మాట మనసులోకి రాగానే ఆమె ఆగిపోయింది. ఆయన భుజం పక్కగా చెయ్యి ఎత్తి మెల్లగా ఆడించింది. ఆయన రెప్ప కదలలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

తమోత్సు చెయ్యి చాచి స్తంభాన్ని తడుముకున్నాడు. "వసంతం నుంచి. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది. నడిమధ్యన ఉన్నదే కనపడుతుంది. అదీ ఎన్నాళ్ళో."

"నాకు చెప్పకూడదా?"

"చెబితే చూడ్డానికి వచ్చినట్టుండదు, సతోయె. వీడ్కోలుకి వచ్చినట్టుంటుంది. నువ్వు దారంతా నా మొహమే చూస్తావు."

నిన్నంతా ఆయన మీద పడ్డ కోపం తలుచుకుంటే ఆమెకి సిగ్గేసింది. ఆయన రోడ్డుని వదలకపోవడం నమ్మకం లేక కాదు, పాత అలవాటూ కాదు. కదిలే బండిలో ఆ ఇరుకు చూపుకి ఏ చెట్టూ నిలవడం లేదు. రోడ్డొక్కటే నిలిచింది. రెండు రోజులూ ఏమీ చూడకుండానే బాగుంది, బాగుంది అంటూ వచ్చాడు, ఆమె కష్టపడి నేర్చుకున్న విద్య వృథా అనిపించకూడదని.

ఇంటికి పోదాం పద, దీపం లేకుండా చీకటి పడితే కష్టం అన్నాడాయన. ఆమె వినిపించుకోలేదు. చొక్కా చెయ్యి పట్టుకుని నీటి ఒడ్డుకి తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టింది. ఇక్కడ ఏదీ కదలదు, కూర్చుని చూడండి అంది.

తమోత్సు అవతలి ఒడ్డుని కుడి కొస నుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్క చెట్టూ చూసి, మెడ ఒక్క పిసరు తిప్పి, మళ్ళీ చూసేవాడు. ఒక బస్సు జనం వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. ఇంకో బస్సు వచ్చింది, అదీ వెళ్ళింది. సతోయె పక్కన కూర్చుని పాచి రంగుకి తిరిగిన నీటిని చూసింది. చాలాసేపటికి ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"అయిపోయింది. పసుపువే ఎక్కువ. కుడివైపు ఎర్రవి నాలుగు. అంతేనా?"

ఎడమ కొసన, రాళ్ళ సందులో, నీటి మీదికి వంగి ఒక మేపుల్ ఉంది. మిగతా నాలుగూ దాని ముందు దిగదుడుపే. అంతే అంటే ఆయన తృప్తిగా లేచి వస్తాడు. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది.

"లేదండీ. ఇంకొకటుంది."

ఆయన గడ్డం పట్టుకుని మెల్లగా తిప్పింది. "ఇప్పుడు?"

"లేదు."

ఇంకొంచెం తిప్పింది. ఈసారి ఆయనే ఆమె చేతిని పట్టుకుని అక్కడే ఆపాడు.

"దీన్ని వదిలేసి వచ్చేసేవాణ్ణే," అన్నాడు.