సుకాంతి పలికిన పేరు

సుకాంతి మా వీధి కోడలు, మా ఊరి ఆశా కార్యకర్త కూడా. కరోనా వచ్చిన ఏడు ఈ రెండు పనులూ ఒక మనిషిలో ఇమడలేదు.

పొద్దున్నే నెత్తిన ముసుగు, ముక్కుకు గుడ్డ, చేతిలో జ్వరం చూసే తుపాకీ. గడపగడపకీ తిరిగేది. ఎవరికి కాన్పు వచ్చినా ముందు ఆ పిల్లనే పిలిచిన ఊరు, ఇప్పుడు ఆమె అలికిడి వింటే తలుపులు వేసుకునేది.

"వచ్చిందమ్మా యముడి గుమాస్తా!" బోరింగు దగ్గర గౌరి గొంతు అందరికంటే పైన వినబడేది. "ఇది ఎవరి నుదురు చూస్తే వాళ్లింటికి అంబులెన్సు. నా వాకిట్లో అడుగు పెట్టావంటే పేడనీళ్లు పోస్తాను!"

"పోసుకో వదినా. నీ వాకిలి పేడనీళ్లు చూసి చాలా కాలమైంది," అనేది సుకాంతి, పక్కింటికి నడుస్తూ.

ఒకరిద్దరు మాత్రం అరుగు చివర ఆమె కోసం చద్దన్నం గిన్నె పెట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికి పోయేవారు. ఆ చేతుల్ని జగన్నాథుడు చల్లగా చూడాలి.

సాయంత్రం బ్లాకు ఆఫీసుకి ఫోను చేసి జ్వరాలు చెప్పాలి. అక్కడి సూపర్‌వైజరు మిశ్రబాబు చెవికి ఇంపైన మాట ఒక్కటే: "ఎవరూ లేరు." ఉన్నారంటే మండిపడేవాడు.

"అన్ని ఊళ్లూ శుభ్రంగా ఉంటే నీ ఊరికే వచ్చిందా రోగం? మళ్లీ చూసి చెప్పు."

మళ్లీ చూసినంత మాత్రాన జ్వరం దిగుతుందా? ఆయన పుస్తకంలో మాత్రం దిగిపోయేది.

సూరత్ మగ్గాల నుంచి మావాళ్లు రైళ్ల నిండా తిరిగొచ్చిన రోజులవి. సుకాంతి భర్త అక్కడే చిక్కుకుపోయాడు. అతని అన్న ఆర్తత్రాణ మాత్రం వచ్చాడు. భార్య పోయిన మనిషి, మంచివాడే. ఊళ్లోకి వచ్చినవాళ్లని విడిగా ఉంచే గడువు తీరేదాకా బడిలో ఉండి, ఇంటికి చేరి పెరటిగదిలో పడుకున్నాడు.

మా దగ్గర కోడలు భర్త అన్నగారి కంట పడదు, ఆయన పేరు నోట పలకదు. ఆయన ఇంట్లోకి వచ్చేముందు దగ్గుతాడు, ఈమె తలుపు చాటుకు తప్పుకుంటుంది. అది మర్యాద. ఆర్తత్రాణ పెరట్లో దగ్గగానే సుకాంతి ముసుగు లాక్కుని వంటింట్లోకి పోయేది. మళ్లీ దగ్గేవాడు, ఇంకా లోపలికి పోయేది. ఊరందరి నుదుళ్లూ చూసిన తుపాకీ ఆ ఒక్క గది గడప దాటలేదు.

"అత్తా, లోపల వారికి ఒళ్లు వెచ్చగా ఉందా?" అని అడిగేది.

"రైలు బడలిక. నీ పని నువ్వు చూసుకో," అనేది అత్త హారమణి.

తమ ఇంట్లో జ్వరం ఎవరికీ లేదని సాయంత్రం ఫోనులో చెప్పేది.

పిల్లల టీకాల రోజున పక్క ఊళ్ల ఆశాలు కలిశారు. వాళ్లూ ఎవరో ఒకరి కోడళ్లే. మాటల్లో తేలిందేమిటంటే, ఒక్కరూ తమ బావగారికి జ్వరం చూడలేదు. వాళ్లు పడీపడీ నవ్వారట. సుకాంతికి నవ్వు రాలేదు. తిన్నగా వచ్చి మా గోడ మీదుగా పిలిచింది.

"పిన్నీ, ఆ దగ్గు నన్ను తప్పుకోమని కాదు. ఆయనకి ఊపిరి అందట్లేదు."

"మీ అత్తకి చెప్పు."

"చెప్పాను. తీసుకుపోతే ప్లాస్టిక్‌లో చుట్టేస్తారు, మొహం కూడా చూపించరు అంటోంది."

"పోనీ నేనొచ్చి చూస్తాను."

"మీరు చూస్తే ఆఫీసువాళ్లు రాసుకోరు పిన్నీ."

ముసుగు తీసి కొంగు నడుముకు దోపింది. నేను పెరటి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమెను చూసి ఆర్తత్రాణ మొహం గోడకేసి తిప్పుకున్నాడు.

"అమ్మా! దీన్ని... ఎవరు... రానిచ్చారు?" మాటకీ మాటకీ మధ్య గాలి కోసం వెతుక్కుంటున్నాడు.

"తర్వాత తిడుదురుగాని, ముందు ఇటు తిరగండి."

తుపాకీ ఎర్రగా వెలిగింది. సుకాంతి పెరట్లోకొచ్చి అంబులెన్సుకి ఫోను చేసింది. అవతలి గొంతు పేరడిగింది.

"మా... మా ఇంటి పెద్దవారు."

"ఊరినిండా పెద్దవాళ్లే. పేరు చెప్పమ్మా!"

ఆ పిల్ల కళ్లు మూసుకుంది. "ఆర్తత్రాణ నాయక్!" అని వీధంతా వినబడేలా అరిచింది.

హారమణి చీపురు విసిరింది. "నీ నోరు పడిపోను! నా కొడుకు ఆయుష్షు తినేశావే!"

అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో పరీక్ష చేసి కరోనా అన్నారు. ఆర్తత్రాణ తిరిగి రాలేదు.

పేరు పలికి బావను చంపిందని ఊరు తీర్మానించింది. బోరింగు దగ్గర ఆమె వంతు రాగానే బిందెలు అడ్డం పెట్టేవారు. హారమణి వేరే పొయ్యి పెట్టుకుంది. సుకాంతికి ఇవేవీ పట్టలేదు. ఆ చావు కరోనా చావుగా లెక్కకెక్కాలి, అదొక్కటే ఆమె పట్టుదల. ఎక్కితే వీధంతటికీ పరీక్షలు చేస్తారు. అదే దగ్గు ఇంకా చాలా ఇళ్లలో వినబడుతోంది మరి.

మిశ్రబాబు మోటారుసైకిలు మీద వచ్చాడు. అరుగెక్కకుండా, దూరంగా వీధిలోనే నిలబడ్డాడు.

"ముసలమ్మా, నీ కొడుక్కి మగ్గాల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఆ పాత జబ్బుతోనే పోయాడు. పైవాళ్లు వచ్చి అడిగితే నువ్వూ అదే చెప్పు. ఊరికి మచ్చ ఉండదు."

"అవునవును, దుమ్మే!" అన్నారు జనం.

"పరీక్షలో కరోనా అని తేలింది కదా!" లోపల్నుంచి సుకాంతి అరిచింది.

"నిన్నెవరడిగారు?" అన్నాడు మిశ్రబాబు.

హారమణి అరుగు అంచుకి వచ్చింది.

"బాబూ, నా కోడలు కాపురానికొచ్చాక నా పెద్దాడికి కాలిగోరు కూడా కనబడనివ్వలేదు. అలాంటిది సిగ్గు చంపుకుని వాడి ఎదట నిలబడింది. నోరారా వాడి పేరు పలికింది. దుమ్ము కోసమా ఇదంతా?"

"ఆలోచించుకో. ఎవరూ బయటికి పోకుండా వీధికి అడ్డంగా వెదుళ్లు కడతారు."

"కట్టుకో పో! నా కొడుకు కరోనాతో పోయాడు. ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతాను. నేను దాచిపెట్టబట్టే పోయాడని కూడా చెబుతాను."

ఆ మాట వీధంతా విన్నాక ఇంక దాచడానికి ఆయనకి వీల్లేకపోయింది. మర్నాడు వెదుళ్లు కట్టారు. పరీక్షలవాళ్లు వచ్చి, తలుపుల వెనక మూలుగుతున్నవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లారు. దేవుడి దయవల్ల చాలామంది తిరిగొచ్చారు. వచ్చినవాళ్లు కూడా సుకాంతిని తిట్టడం మానలేదు.

ఆ పిల్ల తుపాకీ పట్టుకుని మళ్లీ గడపలెక్కడం మొదలుపెట్టింది. తిట్లకి బదులు చెప్పే పని మాత్రం అత్తగారు తీసుకుంది. అరుగు మీద నిలబడి, వీధి చివరిదాకా వినబడేలా కేకేసేది:

"ఏమే గౌరీ! నా కోడలొస్తోంది, తలుపు తియ్యి! మీ బావగారి నుదురు నువ్వెలాగూ చూడలేవు, దాన్నైనా చూడనివ్వు!"