తిప్పేష్ తీసిన బావి బొమ్మ

కళ్యాణదుర్గంలో ఎవరు పోయినా ముందు కబురు అందేది తిప్పేష్‌కే. బస్టాండు వెనక ఫ్లెక్సీల అంగడి అతనిది. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని ముసలివాళ్లను, పోయాక సెల్లులో ఫోటో తీసి పట్టుకొస్తారు. తిప్పేష్ ఏ కొడుకు కళ్లో తెచ్చి ఆ ముఖంలో అతికిస్తాడు. మూసిన కళ్లతో ఫ్లెక్సీ కడితే పోయినవాళ్లకు ఇంటిదారి కనపడదని అతని పట్టింపు.

అలాంటివాడిని నా నవలకు అట్టబొమ్మ వేయమన్నానని నేను పాఠాలు చెప్పే కాలేజీలో నవ్వారు. నవ్వనీ, నాకేం! హైదరాబాదు ఆర్టిస్టు పంపిన బొమ్మలో చీర కుచ్చిళ్లు తప్ప నా కథ లేదు. నాది ఎండిన బావిలోకి దిగి తిరిగిరాని ఆడమనిషి కథ.

"ఖాళీ బావి చాలు తిప్పేష్. మనిషి వద్దు. కథంతా అట్టమీదే చెప్పేస్తే లోపలికి ఎవరొస్తారు?" అన్నాను.

"మొగం లేకుంటే ఎవురు చూస్తారు మేడం?" అని గొణిగి, వాళ్ల ఊరి బావిని ఫోటో తీయడానికి పోయాడు.

ఆ బావి ఎలాంటిదో నాకు తర్వాత అతని భార్య రామక్క చెప్పింది. తిప్పేష్ చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు, కరువులో వాళ్లమ్మ నల్లమ్మ ఊటనీళ్ల కోసం అందులోకి దిగింది. మన్ను విరిగి మీద పడింది. శవం కూడా దొరకలేదు. ఆమెకు ఫోటో లేదు. ఊరందరికీ ఫ్లెక్సీలు కట్టే మనిషికి కన్నతల్లి ముఖం ఎలా ఉంటుందో తెలియదు. ఆ దిగులు అతన్ని అన్నం కూడా తిననిచ్చేది కాదట.

మరునాడు మిట్టమధ్యాహ్నం అంగడికి రమ్మని ఫోన్ చేశాడు. కంప్యూటర్‌లో బావి ఉంది. అడుగున చీకట్లో ఒక ఆడమనిషి ముఖం ఉంది. కళ్లు తెరిచి నన్నే చూస్తోంది.

"ఎవరయ్యా ఈమె? మనిషి వద్దన్నానా లేదా?"

"నేను పెట్టలేదు మేడం. ఫోటోలోనే ఉండాది. కండ్లు మూసుకోనుండె. నా కండ్లు పెట్టినా. మా అమ్మ."

"రాళ్ల నీడయ్యా అది! చెరిపెయ్."

"నా చేత కాదు. కావాలంటే మీరే చెరపండి."

నాకు ఒళ్లు మండింది. నా పుస్తకం అట్ట నీ తల్లికి శ్రద్ధాంజలా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. కుర్చీ లాక్కుని మౌస్ పట్టుకున్నాను. ముందు గడ్డం, తర్వాత బుగ్గలు చీకట్లో కలిపేశాను. కళ్ల దగ్గరికి వచ్చాను. అవి రెప్ప వేసినట్టనిపించింది. దేవుడా అనుకుని వాటినీ తుడిచేశాను.

తిప్పేష్ గొల్లుమంటాడనుకున్నాను. అతను కంప్యూటర్ వైపే చూడటం లేదు. వాకిలి వైపు చూస్తున్నాడు. అక్కడ ఎండ తప్ప ఎవరూ లేరు. లేచి, తన స్టూలును తువ్వాలుతో తుడిచి గడప పక్కన వేశాడు.

"కూసో అమ్మా," అన్నాడు. "ఇన్నేండ్లూ ఆడ్నే ఉంటివా?"

అతను నా వైపు తిరిగాడు.

"తీసుకోండి మేడం. బాయి ఇప్పుడు ఖాళీగా ఉండాది."