రబ్బరు ముద్ర, బెల్లం ముక్క

1992 జనవరి. ఇప్పుడు విమానాలు దిగే చోట అప్పట్లో జొన్నచేలు, బండరాళ్లు, వాటి మధ్య ఎవరి తొందరా లేని గొర్రెలు ఉండేవి. నేను కీళ్ల జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టరును. అత్తాపూర్‌లో అద్దెకుంటూ ప్రతి గురువారం స్కూటరు మీద శంషాబాద్‌లోని ఒక చిన్న దవాఖానాకు వెళ్లేవాడిని. ఆ ఊరిని ఎంచుకోవడానికి శాస్త్రీయమైన కారణాలున్నాయని ప్రాజెక్టు దరఖాస్తులో రాశాను. అసలు కారణం, నా స్కూటరు అంతకన్నా దూరం పోయేది కాదు.

నా పరిశోధన గౌట్ మీద. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీళ్లలో చేరే జబ్బు ఇది. ఉన్నట్టుండి కాలి బొటనవేలు పండు మిరపకాయలా ఎర్రగా వాస్తుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది. పుస్తకాల్లో దీన్ని రాజుల జబ్బు అంటారు. నా దగ్గరికి వచ్చిన రాజుల్లో ఎక్కువమంది గొర్రెలు కాసేవాళ్లు, లారీ క్లీనర్లు. చాలామందికి కల్లు అలవాటు. ప్రతి చీటీ మీదా అదే సలహా రాసి రాసి చెయ్యి నొప్పి పుట్టి, చివరికి ఒక రబ్బరు ముద్ర చేయించాను. "కల్లు, సారా మానవలెను." కీళ్ల డాక్టరు తన వేళ్ల కీళ్లను కాపాడుకోవడంలో తప్పేముంది అనుకున్నాను.

తప్పేముందో యేసురత్నం వల్ల తెలిసింది.

ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. శంషాబాద్ పక్క పల్లెలో ఉంటాడు, అక్కడి చర్చిలో సంఘ పెద్ద. భార్య మరియమ్మ భుజం పట్టుకుని ఒంటికాలి మీద వచ్చాడు. జబ్బేమిటో వాకిట్లో ఉండగానే తెలిసిపోయింది. వాపు తగ్గడానికి కోల్చిసిన్ మాత్రలు రాశాను. పనేమిటని అడిగితే "కాటేదాన్‌ల సారు" అన్నాడు. చిన్న చిన్న కార్ఖానాలుండే చోటు అది. ఫారంలో 'కూలి' అని రాసుకున్నాను. చీటీ మీద ముద్ర కొట్టి తరువాతి రోగిని పిలిచాను.

రెండు వారాల తరువాత మరియమ్మ ఒక్కతే వచ్చింది. లైనులో నిలబడలేదు.

"నువ్వేనా సారు, ముద్రలు కొట్టే డాక్టరువి?"

"నేనేనమ్మా. ఆయన కాలు తగ్గలేదా?"

"కాలు తగ్గింది. ఇజ్జత్ బోయింది."

ఆమెకు చదువు రాదు. మాత్రలు ఎట్లా వేసుకోవాలో తెలుసుకుందామని చీటీ తీసుకెళ్లి పాస్టరుగారికి చూపించింది. ఆయన అక్షరం వదలకుండా పైకి చదివాడు. చుట్టూ ఓ పదిమంది ఉన్నారు. ఆ సంఘంలో అందరూ కల్లూ సారా ముట్టమని చర్చిలో ప్రమాణం చేసినవాళ్లు. ఇంటింటికీ తిరిగి వాళ్ల చేత ఆ ప్రమాణం చేయించింది యేసురత్నమే.

"ఊరంత తాగుడు బంద్ చేపిచ్చి, తనేమో సాటుకు తాగుతుండంట. డాక్టరే ముద్ర కొట్టి ఇచ్చిండంట. ఆదివారం పాట ఎత్తుకోబోతే కూసోబెట్టిన్రు సారు. ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పన్నడు. గప్పటి సంది ఒక్క పాట లేదు."

"నిజంగా తాగడా అమ్మా?"

"పెండ్లయి పదహారేండ్లాయె. నోటి వాసన నాకు తెలుస్తదా, నీ ముద్రకు తెలుస్తదా?"

పరిశోధనా పద్ధతుల మీద నేను విన్న ప్రశ్నల్లో ఇంతకన్నా పదునైనది ఇంకోటి లేదు. మట్టల ఆదివారానికి ముందు ఆదివారం సంఘం కూర్చుని, ఆయన్ని పెద్దరికంలో ఉంచాలో తీసేయాలో తేలుస్తుందట. ఈస్టర్‌కు వారం ముందు వచ్చే ఆ మట్టల ఆదివారం నాడు, ఈత మట్టలతో సాగే ఊరేగింపు ముందు నడిచేది ఏటా ఆయనే. ఆయన్ని తీసుకురమ్మని చెప్పాను.

తరువాతి గురువారానికి ఆయన మోకాలు కూడా వాచింది. సూదితో మోకాలి నీరు కొంచెం తీసి, కాలేజీలో పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద పెట్టాను. మామూలు వెలుతురుకు కనిపించని స్ఫటికాలు అందులో మెరుస్తాయి. మెరిశాయి. కనుక గౌట్ నిజమే. తాగడు. మాంసం క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప లేదు. వయసూ చిన్నదే. నా సిద్ధాంతానికి ఆయన ఏ వైపు నుంచీ సహకరించలేదు.

మరుసటి వారం నేను తలపట్టుకుని ఫారాలు తిరగేస్తుంటే, ఎదురుగా ఉన్న యేసురత్నానికి జాలేసింది. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టాడు.

"నా గురించి మస్తు పరేషాన్ అవుతున్నవు సారు. జర తిను."

బెల్లం ముక్క. దాని మీద బూడిద రంగులో బొటనవేలి గుర్తు అచ్చుగుద్దినట్టు ఉంది.

"ఇది ఎక్కడిది?"

"సేటు ఇస్తడు, రోజు. పాత బ్యాటరీలు పగలగొట్టి పలకలు కరగబెడ్తం గద. గొంతుల దుమ్ము బోవాలంటే బెల్లం తినాలె. అందరు సాయంత్రం తింటరు. నేనైతే పని చేసుకుంట గూడ బుగ్గన పెట్టుకుంట. పదేండ్ల సంది."

"చేతులు కడుక్కునేనా?"

"నల్లా గేటు కాడుంటది సారు. బెల్లం పొయ్యి కాడుంటది."

మర్యాద కోసం జీవితంలో చాలా తిన్నాను. అదొక్కటి తినలేదు. నోరు తెరవమన్నాను. పళ్లు చిగుళ్లను కలిసే చోట, పెన్సిలుతో గీసినట్టు, నీలి నలుపు గీత. మూడుసార్లు చూసిన మనిషి నోట్లోకి నేను మొదటిసారి చూడటం అది.

బ్యాటరీ పలకలంటే సీసం. ఆ దుమ్ము ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపలేవు. దాన్ని సాటర్నైన్ గౌట్ అంటారు. మా పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం చివర ఒకే ఒక పేరా ఉండేది. పరీక్షలో రాదని దాన్ని వదిలేశాను. పరీక్షలో నిజంగానే రాలేదు. శంషాబాద్‌లో వచ్చింది.

రక్తం చుక్క గాజుపలక మీద పరిచి రంగు వేస్తే, ఎర్రకణాల్లో నీలం చుక్కలు. బేసోఫిలిక్ స్టిప్లింగ్ అనే ఈ గుర్తు సీసం ఎక్కినవాళ్లలో కనిపిస్తుంది. నగరంలోని ఒక ల్యాబుకు పంపిన నమూనాలో సీసం ఎంతుందో కూడా తేలింది. చాలానే ఉంది. ఆ కాగితం నా చేతికొచ్చేసరికి సంఘం కూర్చోవడానికి మూడు రోజులుంది.

ఆ ఆదివారం స్కూటరు ముందు మైక్రోస్కోపు పెట్టుకుని చర్చికి వెళ్లాను. అద్దంతో సూర్యకాంతి పట్టే పాత రకం అది. కిటికీ పక్కన బల్ల వేయించాను. యేసురత్నం వెనక వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. సీసం సంగతి చెప్పడం ముగించగానే కమిటీలో అందరికన్నా గట్టిగా మాట్లాడే ముసలాయన లేచాడు.

"సారూ, తాగుతడని ముద్ర కొట్టింది నువ్వే. ఇయ్యాల తాగడంటున్నది నువ్వే. ఏది నమ్మాలె మేము?"

"ఆ ముద్ర చూడకుండా కొట్టాను. ఇది చూసి చెబుతున్నాను. నన్ను నమ్మొద్దు, మీరూ చూడండి."

పోల్చి చూడటానికి మంచి రక్తం కావాలంటే పాస్టరుగారు వేలు ముందుకు చాచాడు. చీటీ చదివిన పాపానికి ఆ మాత్రం రక్తం ఇవ్వడం న్యాయమే. రంగు వేసి, ఆరబెట్టి, రెండు పలకలూ సిద్ధం చేశాను. ముసలాయన చాలాసేపు కన్ను ఆనించి చూశాడు.

"యేసురత్నంది గసాలు సల్లినట్టున్నది. అయ్యగారిది సాఫ్ ఉన్నది."

"బతికిన్రు అయ్యగారు" అన్నారెవరో. చర్చంతా నవ్వింది. ఆడవాళ్ల వైపు నుంచి ఇంకో గొంతు. "సీసం అంటుండు సారు. సీసా కాదు గద?"

"సీసా అయితే నేనే నెత్తి మీద పగలగొడ్తుంటి" అంది మరియమ్మ.

తరువాత లైను కట్టారు. ముసలీ ముతకా అందరూ చూశారు. కొందరు రెండోసారి కూడా లైనులో కనిపించారు. చివరికి పాస్టరుగారు లేచి, చీటీ నమ్మి మనిషిని నమ్మనందుకు అందరి ముందూ క్షమాపణ అడిగి, పాట ఎత్తమన్నాడు. యేసురత్నం లేచాడు. రెండు నెలల పాట ఒక్కసారే బయటికి వచ్చింది. శ్రుతి సంగతి నేను చెప్పలేను. గోడలు మాత్రం తట్టుకున్నాయి.

వారం తిరిగాక, మట్టల ఆదివారం నాడు, ఊరేగింపు ముందు ఆయనే చెప్పులు లేకుండా నడిచాడు. చేతిలో ఈత మట్ట, కల్లు గీసే చెట్టుదే. ఆ వైరుధ్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. అప్పటికే ఆ సంఘంలో ఒకసారి మాట జారి ఉన్నాను.

ఆయన కార్ఖానాలో పనిచేసే మిగతా ముగ్గురి రక్తంలోనూ అవే చుక్కలు. సేటు దగ్గరికి మరియమ్మా నేనూ వెళ్లాం. కాగితాలు నేను పట్టుకున్నాను, మాట్లాడింది ఆమె. నెల తిరక్కుండా పొయ్యి మీద పొగగొట్టం, పక్కనే నల్లా, సబ్బు వచ్చాయి. బెల్లం గేటు బయటికి పోయింది. సీసాన్ని మూత్రంలో బయటికి పంపే ఇంజెక్షన్లు ఇప్పించాక యేసురత్నం కాటేదాన్‌లోనే బిస్కెట్ల కార్ఖానాలో చేరాడు. మళ్లీ గౌట్ రాలేదు. ఆయన మీద నేను రాసిన వ్యాసం రెండు పేజీలు. నా వ్యాసాల్లో అతి చిన్నది అదే. ఎవరో చదివారని నాకు కచ్చితంగా తెలిసినదీ అదొక్కటే.

ఆ తరువాత నా ఫారంలో 'కూలి' అన్న మాట లేదు. ఆ పనిలో చేతులు ఏం ముట్టుకుంటాయి, అవే చేతులు నోటి దగ్గరికి ఎప్పుడు వెళ్తాయి, నల్లా ఎంత దూరం అని అడుగుతాను. నోరు తెరిపించి చూస్తాను. దీనికి రోగికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ముద్రకు ఒక్క క్షణం చాలేది.

ఆ ముద్రను మరియమ్మ ఆ ఏడే అడిగి తీసుకుంది. ఇచ్చేశాను. కొన్నేళ్ల తరువాత ఈస్టర్ భోజనానికి పిలిస్తే వెళ్లాను. ఊగకుండా ఉండాలని భోజనాల బల్ల పొట్టి కాలి కింద దాన్ని పెట్టారు. సరిగ్గా సరిపోయింది. నా ముద్ర ఒక కాలికి అచ్చంగా సరిపోవడం అదే మొదటిసారి అన్నాను. యేసురత్నం నవ్వి, ఆ బల్ల మీదే నాకు ఒక బెల్లం ముక్క పెట్టాడు.

ఈసారి తిన్నాను. ముందు ఆయన చేతులు కడుక్కోవడం చూశాను.