ఊపిరి గొట్టానికి నూలు కుక్కిన రోజు

మొన్న ఉధ్నా సిగ్నల్ దగ్గర బండి ఆపుకుని ఉంటే ఒక పాతకాలపు మోటారు సైకిలు వచ్చి పక్కన ఆగింది. కాగిన ఆయిలు వాసన ముక్కుకు తగిలేసరికి, అంత ఎండలోనూ నేను ఆ బండినే చూస్తూ ఉండిపోయాను. పచ్చలైటు పడి వెనకవాళ్లు హారన్లు కొడుతున్నా నా బండి కదిలించలేదు.

నా ఈడువాళ్లకు ఆ వాసన కొత్త కాదు. ఆ బండ్లలో పిస్టను కిందికి దిగినప్పుడల్లా ఇంజను లోపలి గాలి బయటికి పోవడానికి ఒక చిన్న గొట్టం ఉంటుంది, మేం దాన్ని ఊపిరి గొట్టం అనేవాళ్లం. ఇంజను అరిగినకొద్దీ ఆ గాలితో పాటు ఆయిలు కూడా సన్నటి తుంపరలా వస్తుంది. మా అన్న బండి మరీ అన్యాయం. కుడికాలి పాంటు మొదలుకొని వెనక టైరు దాకా తడిపేది, వదిన ఆ పాంట్లు విడిగా నానబెడుతూ బండినీ అన్ననూ కలిపి తిట్టేది. పనికి వలస వచ్చి మేం ఉంటున్న డిండోలి నుంచి మగ్గాల కార్ఖానాకు పోయి రావడమే కదా అని అన్న పట్టించుకోలేదు.

కరోనా మొదటి ఏడు మగ్గాలూ రైళ్లూ ఆగిపోయి మేం గదుల్లో కూర్చున్న రోజుల్లో, ఊరినుంచి చెల్లె ఫోన్ చేసి, అవ్వకు ఆయాసం ఎక్కువైంది, మీ ఇద్దరినే తలుస్తున్నదని చెప్పింది. మా కరీంనగర్ దిక్కు అమ్మను అవ్వ అంటాం. ఊరు చేరడానికి మాకున్నది ఆ బండి ఒక్కటే. కానీ అంత దూరం పోతే ఇంజనులో ఆయిలు మిగలదు, తడిసిన టైరు ఏ మలుపులోనో జారి మమ్మల్ని పడేస్తుంది.

మగ్గాల మీద బతికినవాళ్లకు ఒక అలవాటుంది, ఏది కారినా చేతికందిన వేస్టు నూలు కుక్కుతాం. అన్న ఆ గొట్టాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి దింపి, ఆయిలంతా అందులోనే ఆగిపోవాలని డబ్బా నిండా నూలు గట్టిగా కుక్కాడు. తెల్లవారగానే బయలుదేరాం. పక్కనే ఉన్న కడోదర కూడా దాటలేదు, బయటికి దారి లేని గాలి లోపలే బిగిసి ఇంజనులో ఆయిలు ఆపే సీలును తన్నేసింది, ఆయిలు ధారకట్టింది. బండిని తోసుకుంటూ వెనక్కి వచ్చి, షాపు మూసుకున్న మెకానిక్కును ఇంటికి పోయి బతిమాలి, సీలు మార్పించుకునేసరికి ఆ రోజంతా గడిచిపోయింది. ఈసారి అన్న లావు గొట్టం తెచ్చి సీటు కిందికి ఎత్తుగా తీసుకుపోయి, డబ్బాలో నూలు పలచగా విప్పి వేసి, మూతకు గాలి పోయే చిల్లి పెట్టాడు.

మర్నాడు చౌకీ చౌకీకీ పోలీసులకు చేతులు జోడిస్తూ పోయాం, బండి మాత్రం ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. దారిలో ధూలియా ఊరు దాటాక ఇంజను ఆపకుండానే దిగి చూస్తే టైరు మీద చుక్క ఆయిలు లేదు. అన్న మొహంలో నవ్వు కనబడింది. అప్పుడే చెల్లె ఫోన్ వచ్చింది.

"అవ్వ పోయింది అన్నా. నిన్న పొద్దూకేదాక బండి సప్పుడు అయితుందా అని అడుగుకుంటనే ఉన్నది."

అన్న బండి పక్కన గొంతుక్కూర్చుని డబ్బా చిల్లికి అరచేయి అడ్డం పెట్టాడు. వెచ్చటి గాలి తగిలి తగిలి పోతూ ఉండాలి, చెయ్యి తియ్యలేదు. నేను తాళం తిప్పబోతే, "ఆపకు తమ్మీ, జర నడవనీ" అన్నాడు. ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి.

ఆ తర్వాత అన్న ఆ బండి ఎక్కలేదు. ఆ ఒక్క రోజు పోకుండా ఉంటే అందేవాళ్లమా అన్నది ఇద్దరి మనసుల్లోనూ ఉంది, ఇద్దరం కలిసినా ఆ ఊసెత్తం. ఇప్పటి బండ్లు ఆయిలు కార్చవు, రైలెక్కితే మర్నాటికి ఊళ్లో దిగుతాం, అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరు. ఎప్పుడు బయలుదేరినా చేరతాం, ఎక్కడిదాకా వచ్చారని అడిగే అవ్వే లేదు.